రెండు దేశాల టైమ్ చూపే కీ వాచీ: మన అరగంటతో సహా పెట్టుకునే పద్ధతి

మా బావ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. పోయిన సెలవుకి ఒడిశాలోని మా జయపురం వచ్చినప్పుడు నాలుగు ముళ్ల ఆటోమేటిక్ వాచీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏరా బామ్మర్దీ, నీకు వాచీల పిచ్చి కదా. ఇందులో మన టైమూ మస్కట్ టైమూ రెండూ కనబడేలా పెట్టివ్వు. నా వల్ల కావట్లేదు" అన్నాడు. డబ్బాలో వచ్చిన పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కుస్తీ పట్టాడట. నాలుగో ముల్లుని ఎటు తిప్పినా మస్కట్ టైమ్‌కి అరగంట ముందైనా ఆగుతుంది, అరగంట వెనకైనా ఆగుతుంది. వాచీ పాడైందని టెన్షన్ పడిపోయాడు.

వాచీ బాగానే ఉంది. అలాంటి పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణలు లండన్‌కీ న్యూయార్క్‌కీ, టోక్యోకీ పారిస్‌కీ సరిపోతాయి. అక్కడ తేడాలన్నీ నిండు గంటల్లో ఉంటాయి. మన టైమేమో లండన్ పక్కనున్న గ్రీనిచ్ టైమ్‌కి ఐదున్నర గంటలు ముందు. మనకీ మస్కట్‌కీ, దుబాయ్‌కీ తేడా గంటన్నర. రియాద్, దోహా, కువైట్‌లతో రెండున్నర. రెండో ఊరి టైమ్ చూపే నాలుగో ముల్లేమో కీ తిప్పితే ఒక్కో గంతుకి ఒక నిండు గంట చొప్పునే కదులుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ అరగంట పుట్టిన గీత మా ఊరి పక్క నుంచే పోతుందన్న సంగతి తెలిశాక నాకు దీని మీద ఇంకాస్త ఇష్టం పెరిగింది. భారత కాలమానానికి ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. జయపురం ఉన్నది 82 డిగ్రీల 34 నిమిషాల దగ్గర. అంటే ఆ గీత మాకు పడమటగా కొద్ది కిలోమీటర్లలోనే ఉంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర వస్తుంది. 1906 జనవరి 1 నుంచి ఈ లెక్క అమల్లోకి వచ్చింది. అప్పటికి జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కలకత్తా తన సొంత టైమ్‌ని 1948 దాకా, బొంబాయి 1955 దాకా వదల్లేదు. సరే, ఇక వాచీ దగ్గరికి వద్దాం.

మొదలుపెట్టే ముందు

ఈ పని పగలు చేయండి. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా మంచం మీద కూర్చుని చేసే పని కాదు. కారణం తేదీ దగ్గర చెబుతాను.

వాచీని చేతి నుంచి తీసి, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టండి. చేతికి ఉండగానే కీ లాగితే అది వంకరగా వస్తుంది, లోపలి సన్నటి కడ్డీ మీద బరువు పడుతుంది. నీళ్లలో తడిసినా ఫరవాలేదనే వాచీల్లో చాలావాటికి కీ మర బిగించి ఉంటుంది. దాన్ని ముందు ఎడమవైపు తిప్పి విప్పుకోవాలి. విడిపోగానే కొంచెం పైకి లేస్తుంది.

ఇప్పుడు లాగకుండా అక్కడే కుడివైపు 25, 30 చుట్లు తిప్పండి. అదే కీ ఇవ్వడం. ఆటోమేటిక్ వాచీ చేతి ఊపుకి తనే కీ ఇచ్చుకుంటుంది నిజమే. కానీ రెండు రోజులు డ్రాయరులో పడి ఆగిపోయిన వాచీకి మొదటి బలం మనమే ఇవ్వాలి. నాలుగు ముళ్ల ఆటోమేటిక్‌లు చాలావరకు నిండా కీ ఉంటే కనీసం 40 గంటలు నడుస్తాయి. సీకో 4ఆర్34 మెషిన్‌కి 41 గంటలు, మియోటా 9075కి 42. ఆటోమేటిక్‌లో కీ ఎక్కువై స్ప్రింగు తెగుతుందన్న భయం అక్కర్లేదు, నిండాక లోపల జారిపోతుంది. పూర్తిగా చేత్తో కీ ఇచ్చే రకం వేరు. అందులో బిగుసుకున్నట్టు తెలియగానే ఆపేయాలి.

మీ వాచీ ఏ రకం?

కీని చివరిదాకా లాగండి. మామూలుగా రెండు మెట్లు ఉంటాయి, రెండోది చివరిది. సెకన్ల ముల్లు ఆగుతుంది. ముళ్లను ముందుకి తిప్పి గంటల ముల్లుని 6 దగ్గరకి తెచ్చి ఆపండి. పొద్దున ఆరా, సాయంత్రం ఆరా అన్నది ఇప్పుడు అనవసరం. రెండూ తేదీ మారే సమయానికి దూరంగానే ఉంటాయి.

కీని ఒక మెట్టు లోపలికి నొక్కి, మధ్య మెట్టులో పెట్టి, మెల్లగా రెండువైపులా తిప్పి చూడండి. ఒకవైపు తేదీ మారి, రెండోవైపు నాలుగో ముల్లు గంట గంటకీ గంతు వేస్తే అది ఇంట్లో కూర్చుని దూరాన ఉన్నవాళ్లకి ఫోన్ చేసేవాళ్ల కోసం చేసిన రకం. వాచీల పిచ్చి ఉన్నవాళ్లు కాలర్ అంటారు. సీకో 5 జీఎంటీ, ఈటీఏ 2893-2 మెషిన్ ఉన్న వాచీలు ఈ కోవలోవే. అలాకాకుండా మామూలు గంటల ముల్లే గంతు వేస్తే అది ప్రయాణాలు చేసేవాళ్ల రకం, ఫ్లయ్యర్. మియోటా 9075, ఇప్పటి రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2 ఇలాంటివి. ఏ ముల్లూ కదలకుండా తేదీ ఒక్కటే మారితే మీ నాలుగో ముల్లు గంటల ముల్లుకి కట్టేసి ఉన్నట్టు. 1950లలో పాన్ యామ్ అనే అమెరికా విమాన కంపెనీ పైలట్ల కోసం వచ్చిన మొదటి జీఎంటీ మాస్టర్ పద్ధతి అదే. దాంట్లో రెండో టైమ్ కావాలంటే డయల్ చుట్టూ ఉన్న రింగుని తిప్పుకోవడమే దారి.

మా బావది కాలర్ రకం. ముందు దాన్నే వివరంగా చెబుతాను.

తేదీ

తేదీ అంకెలున్న చక్రానికి లోపలివైపు 31 పళ్లుంటాయి. రోజుకొకసారి తిరిగే ఇంకో చక్రం మీద చిన్న వేలులాంటిది ఉంటుంది. అది రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒక పన్నుని పట్టుకుని, నెమ్మదిగా తోసుకుంటూ అర్ధరాత్రికి తేదీ మార్చి, తెల్లవారుజామున గానీ పూర్తిగా వదలదు. ఆ మధ్యలో మీరు కీతో తేదీ మార్చబోతే రెండు శక్తులు ఒకే చక్రాన్ని చెరోవైపు గుంజుతాయి. ఎటు తెగినా నష్టం మనకే. కాబట్టి వాచీలో టైమ్ రాత్రి 9 నుంచి తెల్లవారి 4 దాకా ఉన్నప్పుడు మధ్య మెట్టులో కీ తిప్పొద్దు. బయట పట్టపగలైనా సరే, చూడాల్సింది వాచీలో ఉన్న టైమ్.

నేను ఈ పాఠం డబ్బిచ్చి నేర్చుకున్నాను. ముప్పై రోజుల నెల దాటిన ఒకటో తేదీన రాత్రి పదిన్నరకి, 31 చూపిస్తోంది కదా 1కి మారుద్దామని నా పాత వాచీ కీ తిప్పాను. లోపల టక్కుమంది. ఆ తర్వాత తేదీ రెండు అంకెల మధ్య ఇరుక్కుని, కిటికీలో సగం ఇదీ సగం అదీ కనబడేది. రిపేరు చేసే పెద్దాయన మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, విరిగిన పన్నుని పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టాడు. ఆవగింజంత కూడా లేదు. దానికి నెలన్నర ఆగాను.

ఇప్పుడు మీ ముళ్లు 6 దగ్గర క్షేమంగా ఉన్నాయి. మధ్య మెట్టులో తేదీ మారేవైపు తిప్పి, ఈ రోజుది కాకుండా నిన్నటి తేదీ పెట్టండి. ఈ రోజు 14 అనుకుందాం, 13 పెట్టండి. కీని చివరి మెట్టుకి లాగి ముళ్లను ముందుకి తిప్పుతూ పొండి. 13 పోయి 14 పడిన చోట వాచీకి అర్ధరాత్రి అయింది. అక్కడి నుంచి పగలా రాత్రా అన్న అనుమానం ఉండదు. ఇంకా ముందుకి తిప్పి, ఇప్పుడు మధ్యాహ్నం దాటి ఉంటే 12 కూడా దాటించి, ఇప్పటి టైమ్‌కి రండి. నేరుగా 14 పెట్టేసి టైమ్ తిప్పేవాళ్లకే మధ్యాహ్నం భోజనం వేళ తేదీ మారిపోతూ ఉంటుంది.

ఇలా తిప్పుతున్నంతసేపూ నాలుగో ముల్లు కూడా తిరుగుతూ ఉంటుంది. దాని సంగతి ఇప్పుడే పట్టించుకోవద్దు.

నిమిషాలు, సెకన్లు

కీ లోపలికి నొక్కి వాచీని నడవనివ్వండి. సెకన్ల ముల్లు సరిగ్గా 12 మీదకి రాగానే చివరి మెట్టుకి లాగండి, అక్కడే ఆగుతుంది. నిమిషాల ముల్లుని కావాల్సిన చోటు కన్నా నాలుగైదు నిమిషాలు వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ మెల్లగా ముందుకి తెచ్చి గీత మీద పెట్టండి. పళ్ల చక్రాల మధ్య ఉండే వదులు ఇలా ముందుకి తోసినప్పుడే పోతుంది. వెనక్కి లాగి అక్కడే వదిలేస్తే కీ నొక్కగానే ముల్లు అర నిమిషం అటూ ఇటూ అవుతుంది. ఫోన్లో ఆ నిమిషం మారిన క్షణాన కీ నొక్కేయండి. మా నాన్నగారైతే ఆకాశవాణి పిప్ పిప్ శబ్దం కోసం కూర్చునేవారు, ఇప్పటికీ దానికి మించిన పద్ధతి లేదంటారు.

నాలుగో ముల్లు, అరగంట

ఇప్పుడు మన టైమ్ సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు అనుకోండి. మస్కట్‌లో 2.40. నాలుగో ముల్లు 24 గంటల లెక్క మీద తిరుగుతుంది కాబట్టి అక్కడ 14.40 చూపించాలి. కానీ అది నిమిషాల ముల్లుకి కట్టుబడి ఉంది. నిమిషాల ముల్లు 10 మీద ఉంటే నాలుగో ముల్లు 14 దాటి కొంచెం దగ్గర నిలబడగలదు, లేదా 15 దాటి కొంచెం దగ్గర. 14.40 దగ్గర ఆగడం దాని చేతుల్లో లేదు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఎప్పుడూ అరగంట వెనకబడి ఉండే చోటునే ఎంచుకోవాలి. ముందున్న చోటు ఎంచుకున్నా పని నడుస్తుంది గానీ, ఒకసారి కూడిక ఒకసారి తీసివేత అయితే నిద్రమత్తులో తప్పడం ఖాయం. అక్కకి అర్ధరాత్రి ఫోన్ చేసి తిట్లు తిన్నవాడిగా చెబుతున్నాను, కూడికే మేలు.

కాబట్టి కీ మధ్య మెట్టులో, నాలుగో ముల్లు కదిలేవైపు తిప్పి, దాన్ని మన టైమ్‌కి రెండు గంటలు వెనక, అంటే 14 దాటి కొంచెం దగ్గర ఆపండి. కీ నొక్కి, మర ఉంటే అదుముతూ కుడివైపు తిప్పి బిగించండి. మా కొరాపుట్ వైపు వానల్లో ఆ మర సగం బిగించి వదిలేస్తే అద్దం లోపల ఆవిరి పడుతుంది.

చదవడం ఇలా. నిమిషాల ముల్లు డయల్ కుడి సగంలో, అంటే 12 నుంచి 6 మధ్యలో ఉంటే నాలుగో ముల్లు దాటిన గంటే అక్కడి గంట. ఎడమ సగంలో ఉంటే దాని తర్వాతి గంట. ఇక నిమిషాలు ఎలా? నిమిషాల ముల్లుకి వెనకవైపు చిన్న తోక ఉంటుంది చూడండి. తోక చూపించే నిమిషమే మస్కట్ నిమిషం. ముల్లు 10 మీద ఉంటే తోక 40 వైపు ఉంటుంది. అంటే 14.40. అరగంట గడిచి మనకి 4.40 అయ్యేసరికి ముల్లు ఎడమ సగంలోకి వచ్చింది, తోక 10 వైపు చూస్తోంది, నాలుగో ముల్లు ఇంకా 14కీ 15కీ మధ్యలో ఉంది. తర్వాతి గంట 15, నిమిషాలు 10. మస్కట్‌లో 3.10, సరిపోయింది.

ఈ తోక సంగతి తట్టాక బావకి చూపిస్తే, చిన్నపిల్లాడిలా గంటకోసారి చూసుకుని "ఇప్పుడు అక్కడెంతో చెప్పనా?" అంటూ ఇంట్లో అందరినీ విసిగించాడు.

మిగతా చోట్లకీ ఇదే పద్ధతి. నాలుగో ముల్లుని మన టైమ్‌కి ఎక్కడ పెట్టాలంటే: దుబాయ్, అబుధాబికి 2 గంటలు వెనక, రియాద్, దోహా, కువైట్, బహ్రెయిన్‌లకి 3 వెనక, సింగపూర్‌కి 2 ముందు, లండన్‌కి చలికాలంలో 6 వెనక, వేసవిలో 5, న్యూయార్క్‌కి చలికాలంలో 11 వెనక, వేసవిలో 10. అన్నిటికీ చదివే నియమం పైదే. గల్ఫ్ దేశాల్లో వేసవి టైమ్ అని మార్చడం లేదు, ఆ బాధ లేదు. అబ్బాయో అమ్మాయో లండన్‌లో ఉన్నవాళ్లు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఒక్కో గంతు మార్చుకోవాలి.

రింగు తిరిగితే పని ఇంకా తేలిక

డయల్ చుట్టూ 24 అంకెల రింగు తిరిగే వాచీ అయితే కుడి సగం, ఎడమ సగం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రింగుని ఎడమవైపు సరిగ్గా అర గడి, అంటే అరగంట దూరం తిప్పండి. ఒక గంటకి 15 డిగ్రీలు, అర గంటకి ఏడున్నర. ఇప్పుడు గంటని రింగు మీద, నిమిషాన్ని తోక మీద చదవడమే.

కాకపోతే కొనేటప్పుడే చూసుకోవాల్సిన సంగతొకటి ఉంది. చుట్టూ 24 క్లిక్కులుండే రింగు అర గడి దగ్గర ఆగదు, మనకి దండగ. 48 క్లిక్కులది కావాలి, లేదా క్లిక్కులే లేకుండా బిగువుతో తిరిగేది. 120 క్లిక్కులది చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ ఒక్కో క్లిక్కూ 3 డిగ్రీలు, ఏడున్నర దగ్గర అదీ ఆగదు.

నాలుగో ముల్లు గంటల ముల్లుకి కట్టేసి ఉన్న మూడో రకానికి, ఆ ముల్లు మన టైమే చూపిస్తుంటుంది కాబట్టి, మస్కట్ కోసం రింగుని కుడివైపు గడిన్నర తిప్పాలి.

బావ తిరిగి వెళ్లేటప్పుడు

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఏడాదిలో పది నెలలు అక్కడ ఉండేవాడి వాచీలో నిమిషాలు అక్కడివే ఉండాలి. ఇంటి టైమ్ నాలుగో ముల్లుకి, తోకకి వదిలేయాలి. వాచీ కొన్నది ఇండియాలో అని పెద్ద ముళ్లని మన టైమ్‌కే ఉంచుకుని డ్యూటీకి పోతే రోజూ షిఫ్టు దగ్గర లెక్క కట్టుకోవాల్సి వస్తుంది.

మస్కట్ టైమ్‌కి మారాలంటే గంటన్నర వెనక్కి తిప్పాలి. పగలైతే చివరి మెట్టులో వెనక్కి తిప్పేయొచ్చు. అర్ధరాత్రి అటూ ఇటూ అయితే తేదీ చక్రాన్ని వెనక్కి తోయడం నాకు ఇష్టం ఉండదు. దానికి తిప్పే పనే లేని చిట్కా ఒకటుంది. విశాఖ విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు, తొమ్మిది కాకముందే, కీని చివరి మెట్టుకి లాగి వాచీని ఆపేయండి. సరిగ్గా గంటన్నర తర్వాత, వాచీలో ఆగిన టైమ్ మస్కట్‌లో అయ్యే క్షణాన, నొక్కండి. ఏ చక్రమూ వెనక్కి తిరగలేదు, తేదీ సహా అంతా అక్కడిది. ఆ గంటన్నర కీ తెరిచి ఉంటుంది కాబట్టి చెయ్యి కడుక్కునేటప్పుడు జాగ్రత్త. ఫోన్లో అలారం పెట్టుకోకపోతే ఈ చిట్కా వాడొద్దు.

తర్వాత మధ్య మెట్టులో నాలుగో ముల్లుని మస్కట్ టైమ్‌కి ఒక గంట ముందు పెట్టాలి. అక్కడ 2.40 అయితే అది 15కీ 16కీ మధ్యలో ఉంటుంది. నిమిషాల ముల్లు ఎడమ సగంలో ఉంది కాబట్టి తర్వాతి గంట 16, తోక 10 మీద. ఇంటి దగ్గర 4.10. నియమం మారలేదు.

ఫ్లయ్యర్ రకం ఉన్నవాళ్లకి

వరస తిరగబడుతుంది. ముందు చివరి మెట్టులో నాలుగో ముల్లునీ నిమిషాలనీ సెకన్లనీ కలిపి పెట్టుకోవాలి, ఆ తర్వాత మధ్య మెట్టులో గంటల ముల్లుని గంతులేయించి మనం ఉన్న ఊరి టైమ్‌కి తేవాలి. ఇక్కడ నుంచి మస్కట్ చూసేవాళ్లయితే 4.10కి నాలుగో ముల్లు 14 దాటి కొంచెం దగ్గర, నిమిషాలు 10, తర్వాత గంటల ముల్లు 4కి.

ఇందులో చాలావాటికి తేదీకి వేరే దారి ఉండదు. గంటల ముల్లుని రెండు చుట్లు తిప్పితే ఒక రోజు మారుతుంది. ఇరవై రోజులు పక్కన పడేసిన వాచీకి నలభై చుట్లు. వెనక్కి తిప్పినా తేదీ మారే మెషిన్ అయితే ఏది దగ్గరైతే అటు తిప్పుకోండి. అర్ధరాత్రి దాటి వెనక్కొస్తే తేదీ కూడా దానంతటదే వెనక్కొస్తుంది.

ప్రయాణంలో అరగంట మార్పుకి మాత్రం గంతులు చాలవు. గంటన్నర వెనక్కి అంటే అరగంట ముందుకి, రెండు గంటలు వెనక్కి. చివరి మెట్టులో నిమిషాల ముల్లుని 30 నిమిషాలు ముందుకి తిప్పి, మధ్య మెట్టులో గంటల ముల్లుని రెండు గంతులు వెనక్కి వేయిస్తే మస్కట్ టైమ్ వస్తుంది. బయల్దేరే ముందు నాలుగో ముల్లుని ఇంటి టైమ్ మీదే పెట్టుకుని ఉంటే, ఆ ముప్పై నిమిషాలూ అది కూడా ముందుకి పోయింది, ఇప్పుడది ఇంటి టైమ్‌కి అరగంట ముందుంది. పైన చెప్పిన నియమానికి తగ్గట్టు, చివరి మెట్టులో గడియారం మొత్తాన్ని 23 గంటలు ముందుకి తిప్పేబదులు, రింగు ఉంటే కుడివైపు అర గడి తిప్పి చదువుకోవడం సుఖం. తోక ఎటూ సరైన నిమిషమే చూపిస్తుంది.

నెల మారినప్పుడు, వారానికోసారి

వాచీకి ప్రతి నెలా 31 రోజులే. కాబట్టి ఏడాదిలో ఐదుసార్లు, అంటే మార్చి, మే, జులై, అక్టోబర్, డిసెంబర్ ఒకటో తేదీన పగటిపూట తేదీ సరిచేయాలి. తేదీ ఎప్పుడూ గంటల ముల్లు చూపే ఊరిదే. ఇక్కడ అర్ధరాత్రి దాటి గంటన్నర దాకా మస్కట్‌లో ఇంకా నిన్నే నడుస్తుంటుంది, పుట్టినరోజు ఫోన్లకి ఇది గుర్తుంచుకోండి.

కీ వాచీ ఫోన్‌లా సెకను తప్పకుండా నడవదు. 4ఆర్34 మెషిన్‌కైతే రోజుకి 45 సెకన్లు ముందు, 35 వెనక దాకా తయారీదారే ఒప్పుకుంటాడు. వారానికోసారి నిమిషాలు దిద్దుకుంటే చాలు. అప్పుడు చివరి మెట్టు ఒక్కటే వాడండి. నిమిషాల ముల్లుతో పాటు నాలుగో ముల్లు తనంతట తానే సర్దుకుంటుంది, మధ్య మెట్టు జోలికి పోనక్కర్లేదు.